పాత ల్యాప్‌టాప్, తేలికపాటి లినక్స్, దానంతటదే నడిచే బ్యాకప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరికోసం?

2 జీబీ, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లుబుంటునో, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈనో వేసుకుని పని నడిపిస్తున్నవారి కోసం. ఉదాహరణలు లుబుంటువి. డెబియన్ కుటుంబంలో మిగతావాటికీ దాదాపు ఇవే సరిపోతాయి. యాంటిఎక్స్, పప్పీ, ఆల్పైన్, రాస్ప్‌బెర్రీ పై వాడేవారికి కింద వేరే జవాబు ఉంది. కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఏ ఆప్షన్ గురించి అనుమానం వచ్చినా ఆ కమాండ్ మాన్ పేజీ (టెర్మినల్‌లోనే చదవగలిగే వివరణ) తెరిచి చూడండి.

ఏది బ్యాకప్ తీయాలి? మొత్తం డిస్కా?

అక్కర్లేదు. లుబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని కూడా కాదు. పోతే తిరిగి రానివి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పొలం కాగితాల పీడీఎఫ్‌లు, లెక్కల షీట్లు. ఇవన్నీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి దాన్ని తీస్తే చాలావరకు పని అయినట్టే.

హోమ్‌లో చుక్కతో మొదలయ్యే, మామూలుగా కనపడని ఫోల్డర్లను వదిలేయకండి. థండర్‌బర్డ్ మెయిల్, ప్రోగ్రాముల సెట్టింగులు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు అందులోనే ఉంటాయి. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా, అంటే ఉబుంటు సొంత ప్యాకేజీ రూపంలో, వస్తోంది. అందుకే దాని బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు హోమ్‌లోని స్నాప్ ఫోల్డర్ కింద దొరుకుతాయి. క్యాష్ ఫోల్డర్, ట్రాష్, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న ఐఎస్ఓ ఫైళ్లను మాత్రం మినహాయింపుల జాబితాలో పెట్టేయండి. క్యాష్ ఒక్కటి తీసేసినా రోజువారీ బ్యాకప్ సమయం బాగా తగ్గుతుంది.

హోమ్ కాకుండా ఇంకో రెండు చిన్నవి ఉన్నాయి. ఒకటి ఈటీసీ ఫోల్డర్: వైఫై, ప్రింటర్, ఎఫ్‌స్ట్యాబ్ (ఏ డిస్క్ ఏ ఫోల్డర్‌లో తెరుచుకోవాలో రాసే ఫైల్) సెట్టింగులు అక్కడే ఉంటాయి. రెండోది మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీల జాబితా. ఏపీటీ-మార్క్ షోమాన్యువల్ కమాండ్ ఆ జాబితాను ఇస్తుంది, దాన్ని హోమ్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌గా దాచుకోండి.

టైమ్‌షిఫ్ట్ పెట్టుకున్నాను, చాలదా?

చాలదు. టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్ల కోసం చేసిన సాధనం. అప్‌డేట్ వికటిస్తే నిన్నటి స్థితికి వెళ్లడానికి చక్కగా పనికొస్తుంది. కానీ డిఫాల్ట్‌గా హోమ్ ఫోల్డర్లను అది ముట్టుకోదు. పైగా చాలామంది స్నాప్‌షాట్లను అదే డిస్క్ మీద ఉంచుతారు. డిస్క్ పోతే రెండూ పోతాయి.

ఫైళ్లన్నీ క్లౌడ్‌లో సింక్ అవుతున్నాయి కదా?

సింక్ అయిన చోట, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. ఇక్కడ ఫైల్ పాడైతే ఆ పాడైన ఫైలే అక్కడికీ వెళ్తుంది. క్లౌడ్ ట్రాష్‌లో కొన్నాళ్లు ఉండొచ్చు, ఆలోపు మీరు గమనించాలి. రెండో కాపీగా క్లౌడ్ మంచిదే. అదొక్కటే మీ బ్యాకప్ కాకూడదు.

బ్యాకప్ ఎక్కడ పెట్టాలి? పెన్‌డ్రైవ్ పనికిరాదా?

ముఖ్యమైన కాగితాల అదనపు కాపీకి పెన్‌డ్రైవ్ సరే. రోజూ రాసే బ్యాకప్‌కి మాత్రం బయటి హార్డ్ డిస్కో, ఎస్ఎస్‌డీనో తీసుకోండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ద్వారా ప్రచారంలోకి వచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది: మొత్తం మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి ఇంటి బయట. ఇంట్లో ఒక బయటి డిస్క్, ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఇంకోటి ఉంచి, పండక్కి వెళ్లినప్పుడల్లా అప్‌డేట్ చేసినా సూత్రం పాటించినట్టే.

ఫార్మాట్ విషయం చాలామంది పట్టించుకోరు. షాపులో కొన్న డిస్క్ సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఎన్‌టీఎఫ్ఎస్‌లోనో ఉంటుంది. పాత పెన్‌డ్రైవ్ అయితే ఫ్యాట్32, అందులో 4 జీబీ మించిన ఫైల్ పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ ఇబ్బంది లేదు కానీ లినక్స్ పర్మిషన్లు, ఓనర్ వివరాలు, హార్డ్ లింకులు (డిస్క్ మీదున్న ఒకే ఫైల్‌కి ఉండే అదనపు పేర్లు) నిలవవు. డిస్క్ బ్యాకప్‌కే అయితే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసేయండి. దాన్ని విండోస్‌లో కూడా తెరవాల్సి ఉంటే రెండు పార్టిషన్లు చేయండి, లేదా కింద చెప్పిన రెస్టిక్ వాడండి. రెస్టిక్ పర్మిషన్లను తన సొంత ఫైళ్ల లోపలే రాసుకుంటుంది, డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉన్నా దానికి పట్టింపు లేదు.

ఏ ప్రోగ్రామ్ వాడాలి?

నా ఓటు రెండింటికే. ఫైళ్లు బ్యాకప్ డిస్క్‌లో మామూలు ఫైళ్లుగానే కనపడాలి, ఏ లినక్స్ కంప్యూటర్‌కి పెట్టినా తెరుచుకోవాలి అనుకుంటే ఆర్‌సింక్. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ రాసిన ఈ ప్రోగ్రామ్ ర్యామ్ పెద్దగా తినదు, దాదాపు ప్రతి లినక్స్‌లోనూ దొరుకుతుంది. బ్యాకప్‌కి పాస్‌వర్డ్ రక్షణ, పాత వెర్షన్లు, క్లౌడ్‌కి పంపే వీలు కావాలంటే రెస్టిక్. ఒకే ఫైల్ మూడు ఫోల్డర్లలో ఉన్నా అది ఒక్కసారే రాస్తుంది. 2022లో వచ్చిన 0.14 వెర్షన్ నుంచి కంప్రెషన్ కూడా ఉంది, అయితే ఫొటోలు, వీడియోల మీద దానివల్ల ఒరిగేదేమీ లేదు. బ్యాకప్ పెరిగేకొద్దీ రెస్టిక్‌కి ర్యామ్ ఎక్కువ కావాలి. 2 జీబీ మెషీన్‌లో లక్షల కొద్దీ ఫైళ్లుంటే ఆర్‌సింక్‌తోనే సుఖం.

మౌస్‌తోనే పని కావాలంటే బ్యాక్ ఇన్ టైమ్ బాగుంటుంది. లోపల అదీ ఆర్‌సింకే.

ఆర్‌సింక్ వాడేటప్పుడు ఎక్కడ దెబ్బ తింటారు?

రెండు చోట్ల. మొదటిది సోర్స్ ఫోల్డర్ పేరు చివర ఉండే స్లాష్. స్లాష్ పెడితే ఫోల్డర్ లోపలి వస్తువులు వెళ్తాయి, పెట్టకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా పెడితే బ్యాకప్ డిస్క్‌లో ఒకే సరుకు రెండు కాపీలుగా పేరుకుంటుంది.

రెండోది డిలీట్ ఆప్షన్. ఇక్కడ లేనివాటిని అక్కడా తీసేయమని దాని అర్థం. సోర్స్ దగ్గర పొరపాటున ఖాళీ ఫోల్డర్ ఇచ్చారంటే అక్కడున్నదంతా ఊడ్చిపెట్టుకుపోతుంది. కొత్త కమాండ్ రాసినప్పుడల్లా ముందు డ్రై రన్ ఆప్షన్‌తో, అంటే హైఫన్ ఎన్‌తో నడపండి. నిజంగా ఏమీ చేయకుండా ఏం చేయబోతోందో జాబితా చూపిస్తుంది.

నిన్నటి కాపీ, మొన్నటి కాపీ విడివిడిగా కావాలి. డిస్క్ నిండిపోదా?

ఆర్‌సింక్‌లో లింక్-డెస్ట్ ఆప్షన్ ఇందుకే ఉంది. ప్రతి రోజుకీ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ తయారవుతుంది. మారని ఫైళ్లను మళ్లీ రాయకుండా నిన్నటి ఫోల్డర్‌లోని ఫైళ్లకే హార్డ్ లింక్ వేస్తుంది. చూడ్డానికి ఏ రోజు ఫోల్డర్ తెరిచినా పూర్తి బ్యాకప్ కనపడుతుంది, డిస్క్ మీద మాత్రం మారిన ఫైళ్లకే చోటు ఖర్చవుతుంది. పాత తేదీ ఫోల్డర్ తీసేసినా మిగతావాటికి ఏమీ కాదు. ఈఎక్స్‌టీ4 కావాలని పైన చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

రెస్టిక్‌లో ఈ పని ఫర్‌గెట్ కమాండ్‌ది. 7 రోజులవి, 4 వారాలవి, 6 నెలలవి ఉంచమని చెబితే మామూలు ఇంటికి సరిపోతుంది. దానికి ప్రూన్ ఆప్షన్ జోడిస్తేనే చోటు నిజంగా ఖాళీ అవుతుంది. అది లేకపోతే జాబితాలోంచి పేరు పోతుంది, డేటా అలాగే కూర్చుంటుంది.

స్క్రిప్ట్‌లో ఏమేం ఉండాలి?

పది పదిహేను లైన్లు చాలు, కానీ వరుస ముఖ్యం.

అన్నిటికంటే ముందు, బ్యాకప్ డిస్క్ నిజంగా మౌంట్ అయి ఉందా, అంటే తన ఫోల్డర్‌కి తగులుకుని ఉందా అని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూసుకోవాలి. లేకపోతే అక్కడే ఆగిపోవాలి. ఈ ఒక్క లైన్ లేని స్క్రిప్టులు నెట్‌లో కుప్పలుగా ఉన్నాయి. డిస్క్ పెట్టని రోజు కూడా మౌంట్ ఫోల్డర్ ఖాళీగా ల్యాప్‌టాప్ సొంత డిస్క్‌లో ఉంటుంది కదా, ఆర్‌సింక్ సంతోషంగా అందులోకే కాపీ చేస్తుంది. రెండు మూడు రోజుల్లో రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉన్న భాగం) నిండిపోయి డెస్క్‌టాప్‌లోకి లాగిన్ కూడా అవ్వదు. ఆ తర్వాత డిస్క్ పెడితే ఆ కాపీ దాని కింద దాక్కుంటుంది, చోటు ఎవరు తింటున్నారో వెతికినా దొరకదు.

తర్వాత ఎఫ్‌లాక్. నిన్నటి బ్యాకప్ ఇంకా నడుస్తుండగానే ఈరోజుది మొదలవకుండా అది చూస్తుంది. ఆ తర్వాత అసలు కమాండ్. చివర్లో ఎగ్జిట్ కోడ్, అంటే కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె, చూడాలి: ఆర్‌సింక్ 0 ఇస్తే అంతా బాగున్నట్టు. 24 అంటే కాపీ జరుగుతుండగా ఏవో ఫైళ్లు మాయమయ్యాయని, బ్రౌజర్ తెరిచి ఉంటే ఇది మామూలే. 23 అంటే కొన్ని ఫైళ్లు వెళ్లలేదు, లాగ్ చూడాల్సిందే. 0 గానీ 24 గానీ వచ్చినప్పుడే ‘చివరి విజయం’ లాంటి పేరుతో ఒక ఖాళీ ఫైల్ తేదీని టచ్ కమాండ్‌తో ఈ క్షణానికి మార్చండి. దీని ఉపయోగం కింద వస్తుంది.

డిస్క్ దారి గురించి ఒక మాట. డెస్క్‌టాప్ దానంతటదే మౌంట్ చేసినప్పుడు మీడియా ఫోల్డర్ కింద డిస్క్ లేబుల్ పేరుతో వస్తుంది. ఆ పేరుతో అప్పటికే ఫోల్డర్ ఉంటే చివర 1 చేర్చి ఇంకో పేరు పెడుతుంది, మీ స్క్రిప్ట్ పాత దారి వెతుక్కుంటూ ఉంటుంది. యూయూఐడీతో, అంటే ఆ డిస్క్‌కే ఉండే గుర్తింపు సంఖ్యతో, ఎఫ్‌స్ట్యాబ్‌లో రాసుకుంటే ఈ గొడవ లేదు. అలా రాస్తే నోఫెయిల్ ఆప్షన్ మర్చిపోవద్దు. అది లేకుండా డిస్క్ తీసేసి ఆన్ చేస్తే 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది.

క్రాన్‌లో టైమ్ ఎలా రాయాలి?

క్రాన్ అంటే చెప్పిన టైమ్‌కి కమాండ్లను దానంతటదే నడిపించే ప్రోగ్రామ్. దాని జాబితా, అంటే క్రాన్‌ట్యాబ్‌లో ప్రతి లైన్‌కీ ఐదు గడులు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం (ఆదివారం, సోమవారం లాంటిది). ప్రతి రాత్రి తొమ్మిదిన్నరకి అయితే 30 21 * * * అని రాసి తర్వాత స్క్రిప్ట్ పూర్తి దారి ఇస్తారు. ఆదివారాలు మాత్రమే అయితే చివరి నక్షత్రం స్థానంలో 0. తేదీ గడి, వారం గడి రెండూ నింపితే రెండూ కలిసొచ్చిన రోజే నడుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండిట్లో ఏది కుదిరినా నడుస్తుంది. 30 21 1 * 0 అని రాస్తే ఒకటో తారీఖునా నడుస్తుంది, ప్రతి ఆదివారమూ నడుస్తుంది.

ఆ టైమ్‌కి ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉంటే?

క్రాన్ ఆ పని వదిలేస్తుంది. తర్వాత ఆన్ చేసినా గుర్తు పెట్టుకుని చేయదు. ఇరవై నాలుగ్గంటలూ నడిచే సర్వర్ల లోకంలో, 1970లలో యూనిక్స్‌తో పాటు పుట్టిన సాధనం అది. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ సాయంత్రం రెండు గంటలు తెరిచి మూసేస్తారు. మధ్యలో కరెంటు పోతుంది. కొన్ని రోజులు అసలు తెరవరు. అలాంటి మెషీన్‌కి ‘రాత్రి 2 గంటలకు బ్యాకప్’ అని నెట్‌లో చూసి పెట్టుకుంటే ఒక్కసారి కూడా నడవకపోవచ్చు. ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే తప్పేమీ జరగలేదు. ఇంటి మెషీన్‌కి ఏ గంటకు నడవాలన్నది అంత ముఖ్యం కాదు. తప్పిపోయిన రోజు పనిని ఎవరు గుర్తుపెట్టుకుని చేస్తారన్నదే చూసుకోవాలి. దానికి రెండు దారులున్నాయి.

పాతది అనాక్రాన్. దీనికి గంటల లెక్క లేదు, రోజుల లెక్కే. ‘ఈ పని చేసి ఒక రోజు దాటిందా?’ అని చూసుకుని, దాటితే మెషీన్ ఆన్ అయిన కొద్ది నిమిషాలకు చేసేస్తుంది. డెబియన్ అమరికలో రోజువారీ పనికి 5 నిమిషాలు, వారంవారీ దానికి 10, నెలవారీ దానికి 15 నిమిషాల ఆలస్యం పెట్టి ఉంటుంది. స్క్రిప్ట్‌ను ఈటీసీలోని క్రాన్ డైలీ ఫోల్డర్‌లో పెట్టి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇస్తే చాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఫోల్డర్‌లోని ఫైల్ పేరులో చుక్క ఉండకూడదు. బ్యాకప్ డాట్ ఎస్‌హెచ్ అని పేరు పెడితే దాన్ని చూడనట్టే దాటిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీసేసి ఉత్త పేరు పెట్టండి. ఇంకో మెలిక: డెబియన్, ఉబుంటుల్లో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే అనాక్రాన్ మొదలవదు. చార్జర్ పెట్టకుండా వాడే అలవాటుంటే ఇది తెలిసి ఉండాలి. ఈ ఫోల్డర్‌లోని స్క్రిప్టులు రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో, నడుస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి.

కొత్తది సిస్టమ్‌డీ టైమర్. సిస్టమ్‌డీ అంటే లుబుంటులో సర్వీసులను మొదలుపెట్టి నడిపించే ప్రోగ్రామ్. రెండు చిన్న ఫైళ్లు రాయాలి: ఏం చేయాలో సర్వీస్ ఫైల్‌లో, ఎప్పుడు చేయాలో టైమర్ ఫైల్‌లో. టైమర్‌లో ఆన్‌క్యాలెండర్ దగ్గర సమయం ఇచ్చి, కింద పర్సిస్టెంట్ ఈక్వల్స్ ట్రూ అని ఒక లైన్ చేర్చండి. చివరిసారి ఎప్పుడు నడిచిందో డిస్క్ మీద రాసుకుంటుంది, మధ్యలో టైమ్ తప్పిపోయి ఉంటే మెషీన్ ఆన్ కాగానే నడిపిస్తుంది. ఆన్ కాగానే అంటే డెస్క్‌టాప్ ఇంకా లోడ్ అవుతుండగానే అన్నమాట, పాత మెషీన్‌కి అది భారం. ర్యాండమైజ్డ్ డిలే సెక్‌లో పది పదిహేను నిమిషాలు ఇస్తే ఆ వ్యవధిలో ఏదో ఒక క్షణాన మొదలవుతుంది. ఆన్‌క్యాలెండర్‌లో రాసింది సరిగ్గా ఉందో లేదో సిస్టమ్‌డీ-అనలైజ్ క్యాలెండర్ చెబుతుంది. సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ కొడితే చివరిసారి ఎప్పుడు నడిచింది, మళ్లీ ఎప్పుడు నడుస్తుంది రెండూ కనపడతాయి. క్రాన్‌లో ఈ సౌకర్యం లేదు. నేనైతే లుబుంటులో ఇదే పెడతాను.

రూట్‌గా వద్దు, నా యూజర్‌గా నడవాలి అంటే యూజర్ టైమర్ పెట్టుకోవచ్చు. అది మీరు లాగిన్ అయి ఉన్నంతసేపే బతుకుతుంది. లాగౌట్ అయ్యాక కూడా నడవాలంటే లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ ఇవ్వాలి.

డిస్క్ ఎప్పుడూ పెట్టి ఉంచను. పెట్టినప్పుడే బ్యాకప్ నడిచేలా చేయొచ్చా?

చేయొచ్చు. ఎఫ్‌స్ట్యాబ్‌లో రాసిన ప్రతి డిస్క్‌కీ సిస్టమ్‌డీ ఒక మౌంట్ యూనిట్ తయారు చేస్తుంది. సర్వీస్ ఫైల్‌లో వాంటెడ్‌బై దగ్గర ఆ మౌంట్ యూనిట్ పేరు, ఆఫ్టర్ దగ్గర కూడా అదే పేరు ఇచ్చి సర్వీస్‌ను ఎనేబుల్ చేస్తే, డిస్క్ మౌంట్ అయినప్పుడల్లా బ్యాకప్ మొదలవుతుంది. అయిపోయాక నోటిఫికేషన్ వచ్చేలా పెట్టుకుంటే డిస్క్ ఎప్పుడు తీయొచ్చో తెలుస్తుంది.

టెర్మినల్‌లో నడిపితే పనిచేస్తోంది, క్రాన్‌లో మాత్రం చేయట్లేదు. ఎందుకు?

క్రాన్‌కి మీ టెర్మినల్ వాతావరణం తెలియదు. దాని పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నది, షెల్ కూడా బ్యాష్ కాకుండా ఎస్‌హెచ్, అంటే డెబియన్ కుటుంబంలో డ్యాష్. స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బ్యాష్ అని రాయండి, ప్రతి కమాండ్‌కీ పూర్తి దారి ఇవ్వండి. క్రాన్‌ట్యాబ్ లైన్‌లోనే డేట్ కమాండ్ రాసి అందులో పర్సెంట్ గుర్తు వాడారా? క్రాన్ ఆ గుర్తును కొత్త లైన్‌గా చదువుతుంది. తేదీల సంగతి స్క్రిప్ట్ లోపల పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. చివరి లైన్ తర్వాత ఎంటర్ కొట్టకపోయినా సమస్యే.

ఫెయిలైతే క్రాన్ లోకల్ మెయిల్ పంపుతుంది. తేలికపాటి సిస్టముల్లో మెయిల్ ప్రోగ్రామే ఉండదు కాబట్టి ఆ కబురు గాల్లో కలిసిపోతుంది. అవుట్‌పుట్‌ను ఒక లాగ్ ఫైల్‌లోకి మళ్లించండి.

లాగ్‌లో తెలుగు ఫైల్ పేర్లకు బదులు \#340\#260 అని అంకెలు వస్తున్నాయి. ఫైళ్లు పాడయ్యాయా?

లేదు, ఫైళ్లు బాగానే ఉన్నాయి. క్రాన్‌లో భాష సెట్టింగ్ ఉండదు. ఆర్‌సింక్‌కి అవి అక్షరాలని తెలియక బైట్లను అంకెల రూపంలో రాస్తుంది. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరాలన్నీ 340 260 తోనో, 340 261 తోనో మొదలవుతాయి. స్క్రిప్ట్ మొదట్లో లాంగ్ వేరియబుల్‌కి యూటీఎఫ్-8 లొకేల్ ఇవ్వండి, లేదా ఆర్‌సింక్‌కి హైఫన్ 8 ఆప్షన్ చేర్చండి.

కొన్ని తెలుగు ఫైళ్లకు ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అంటోంది. పేరు అంత పొడవేమీ లేదే?

తెలుగువాళ్లకే ఎక్కువగా తగిలే చిక్కు ఇది. ఈఎక్స్‌టీ4లో ఫైల్ పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగుకి మూడు. అంటే 85 అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో గుణింతం, పొల్లు, వత్తు దేనికదే. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు ముక్కలు, 18 బైట్లు. వార్త మొత్తం హెడ్డింగ్‌ను పేరుగా పెట్టి సేవ్ చేసిన పీడీఎఫ్ ఈ హద్దు తేలిగ్గా దాటుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లలో లెక్క వేరు. అక్కడ తెలుగు అక్షరాలు కూడా 255 వరకు పడతాయి. అందుకే విండోస్ డిస్క్‌లో హాయిగా ఉన్న ఫైల్ లినక్స్ డిస్క్‌లోకి రానంటుంది. పాత ఉబుంటులో హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవారికి హద్దు ఇంకా దగ్గర, సుమారు 143 బైట్లు. పేరు కుదించడం తప్ప వేరే మందు లేదు.

రాత్రి 9కి పెడితే తెల్లవారుజామున 2:30కి నడుస్తోంది!

మీ సిస్టమ్ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మనకీ దానికీ ఐదున్నర గంటల తేడా. టైమ్‌డేట్‌సీటీఎల్‌తో టైమ్ జోన్‌ను ఏషియా/కోల్‌కతాకి మార్చి, క్రాన్‌ను రీస్టార్ట్ చేయండి. విదేశాల్లో ఉండి ఇంట్లోవాళ్ల మెషీన్‌కి దూరం నుంచి సెట్ చేసేవారు ఆ మెషీన్ జోన్ ఏదో ముందు చూసుకోండి, మీది కాదు.

బ్యాకప్ నడుస్తున్నంతసేపూ సిస్టమ్ నత్తనడక నడుస్తోంది.

కమాండ్ ముందు నైస్ హైఫన్ ఎన్ 19 పెట్టండి, ప్రాసెసర్ వంతు చివరికి పోతుంది. డిస్క్‌కి ఐఓనైస్ ఐడిల్ క్లాస్ ఉంది కానీ, బీఎఫ్‌క్యూ లాంటి డిస్క్ షెడ్యూలర్ ఉంటేనే దానికి విలువ. ఆర్‌సింక్‌కైతే బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆప్షన్ కచ్చితంగా పనిచేస్తుంది. మొదటిసారి ఎలాగూ ఆలస్యమే. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు 30 ఎంబీ చుట్టుపక్కల వస్తుంది, 100 జీబీకి దాదాపు గంట. ఆ మొదటిది ఓ సెలవు రోజు చేత్తో నడిపించేసి, తర్వాతే టైమర్ ఎనేబుల్ చేయండి.

మధ్యలో కరెంటు పోతే?

ఆర్‌సింక్ ప్రతి ఫైల్‌నూ ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. సగం రాసిన ఫైల్ పాతదాన్ని చెరిపేయదు. మళ్లీ నడిపితే మిగిలింది పూర్తవుతుంది. రెస్టిక్ కూడా అంతే, కాకపోతే పాత లాక్ మిగిలి ఉంటే అన్‌లాక్ కమాండ్ ఇవ్వాల్సి రావచ్చు. విడి అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్ వాడేవారికి మాత్రం యూపీఎస్ ఉంటే మంచిది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంటుంది, డిస్క్ చటుక్కున ఆగిపోతుంది.

డేటాబేస్ నడుస్తోంది, దాన్ని కూడా ఇలాగే కాపీ చేయొచ్చా?

వద్దు. నడుస్తున్న మైఎస్‌క్యూఎల్ ఫైళ్లను కాపీ చేస్తే సగం పాతవి, సగం కొత్తవి వస్తాయి. ముందు డంప్ (డేటా మొత్తం ఒక ఫైల్‌గా) తీసి, ఆ డంప్‌ను బ్యాకప్ చేయండి.

లుబుంటు కాదు, వేరేది వాడుతున్నాను.

యాంటిఎక్స్‌లో సిస్టమ్‌డీ ఉండదు, కాబట్టి టైమర్లూ ఉండవు. క్రాన్, అనాక్రాన్ జంటతో వెళ్లండి.

పప్పీని ఫ్రూగల్‌గా (పూర్తిగా ఇన్‌స్టాల్ చేయకుండా కొన్ని ఫైళ్లుగా మాత్రమే) పెట్టుకుంటే మీ మార్పులన్నీ ఒక సేవ్ ఫైల్‌లోనో, సేవ్ ఫోల్డర్‌లోనో ఉంటాయి. వాడుకలో ఉన్న సేవ్ ఫైల్‌ను కాపీ చేస్తే ఆ కాపీని నమ్మలేం. పీఫిక్స్ ఈక్వల్స్ ర్యామ్ ఆప్షన్‌తో బూట్ చేసి, అప్పుడు ఆ ఫైల్‌ను కాపీ చేసుకోండి. పత్రాలు, ఫొటోలను సేవ్ ఫైల్ బయట ఉంచుకుంటే షెడ్యూల్ పెట్టడం కూడా తేలిక.

ఆల్పైన్‌లో ఈటీసీలోని పీరియాడిక్ ఫోల్డర్ కింద డైలీలో స్క్రిప్ట్ పెట్టాలి. డిస్క్‌లెస్ మోడ్ (సిస్టమ్ అంతా ర్యామ్‌లోనే నడిచే పద్ధతి) అయితే ఎల్‌బీయూ కమిట్ చేయనిదే రీబూట్ తర్వాత ఆ స్క్రిప్టే ఉండదు.

రాస్ప్‌బెర్రీ పై 4, అంతకుముందు వాటిలో గడియారం చిప్ లేదు. బూట్ అయ్యాక నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా పాత తేదీలోనే ఉంటుంది. తేదీ పేరుతో ఫోల్డర్లు చేసే స్క్రిప్ట్ టైమ్ సింక్ అయ్యాకే నడిచేలా చూడండి. ఎస్‌డీ కార్డ్ బ్యాకప్‌ను అదే కార్డ్ మీద పెట్టొద్దని వేరే చెప్పక్కర్లేదు.

నిజంగా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫెయిలైనప్పుడు కబురు పంపే ఏర్పాటు చాలామంది చేస్తారు. అది సగమే. స్క్రిప్ట్ అసలు మొదలవకపోతే కబురు పంపేదెవరు? అందుకే తిరగేసి ఆలోచించాలి. స్క్రిప్ట్ చివర టచ్ చేసిన ‘చివరి విజయం’ ఫైల్ ఉంది కదా. లాగిన్ కాగానే నడిచే ఇంకో బుల్లి స్క్రిప్ట్ రాసి, ఆ ఫైల్ తేదీ మూడు రోజులు దాటిందా అని ఫైండ్ కమాండ్‌తో చూడండి. దాటితే తెర మీద నోటిఫికేషన్. లుబుంటులో సెషన్ సెట్టింగ్స్ ఆటోస్టార్ట్‌లో దాన్ని చేర్చొచ్చు. డిస్క్ పెట్టకపోవడం, టైమర్ ఆగిపోవడం, చోటు లేకపోవడం, పాస్‌వర్డ్ తప్పు, కారణం ఏదైనా ఈ ఒక్క తనిఖీ పట్టేస్తుంది. ఇది డెస్క్‌టాప్ లోపల నడుస్తుంది కాబట్టి నోటిఫికేషన్ కూడా సరిగ్గా కనపడుతుంది. క్రాన్ నుంచి నేరుగా నోటిఫై-సెండ్ పిలిస్తే డీబస్ (డెస్క్‌టాప్ ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) చిరునామా తెలియక తరచూ మౌనంగా ఉండిపోతుంది.

రెస్టిక్ పాస్‌వర్డ్ ఎక్కడ దాచాలి?

షెడ్యూల్‌లో నడవాలంటే పాస్‌వర్డ్ ఒక ఫైల్‌లో ఉండాలి, మీకు తప్ప ఎవరికీ చదివే పర్మిషన్ లేకుండా. అయితే ఆ ఫైల్ అదే ల్యాప్‌టాప్‌లో ఉంది. ల్యాప్‌టాప్ పోయిన రోజున బ్యాకప్ డిస్క్ చేతిలో ఉండి కూడా తెరవలేరు. మర్చిపోతే మార్చుకునే లింక్ ఏదీ రెస్టిక్‌లో లేదు. కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో బీరువాలో పెట్టండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.

రీస్టోర్ ఎప్పుడు పరీక్షించాలి?

మొదటి బ్యాకప్ పూర్తయిన రోజే ఒకసారి, తర్వాత మూడు నెలలకో, ఆరు నెలలకో. ఫోల్డర్ తెరిచి పేర్లు చూసి ఊరుకుంటే సరిపోదు. ఒక పాత ఫొటో, ఒక షీట్, ఒక తెలుగు పేరున్న పీడీఎఫ్ వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి తెరవండి. వీలైతే వేరే కంప్యూటర్‌లో చేయండి, అసలు అవసరం వచ్చిన రోజు మీ చేతిలో ఈ ల్యాప్‌టాప్ ఉండదు. రెస్టిక్‌లో చెక్ కమాండ్‌కి రీడ్ డేటా సబ్‌సెట్ ఆప్షన్ ఇచ్చి ప్రతిసారీ కొంత భాగం చదివించి చూడొచ్చు.

ల్యాప్‌టాప్ డిస్క్ టక్ టక్ అంటోంది, ఫైళ్లు తెరవడం ఆలస్యమవుతోంది. వెంటనే బ్యాకప్ నడపనా?

ముందు టైమర్ ఆపండి. చదవడంలో ఎర్రర్లు వస్తే ఆర్‌సింక్ డిలీట్ పనిని మానేస్తుంది, అంతవరకు నయం. కానీ పాడైన ఫైల్ పాడైనట్టు తెలియకుండా మంచి కాపీ మీదికి వెళ్లే అవకాశం ఉంది. ఇప్పుడున్న బ్యాకప్ డిస్క్‌ను తీసి పక్కన పెట్టండి, దాని మీద ఇంకేమీ రాయొద్దు. చివరి బ్యాకప్ తర్వాత చేసిన ముఖ్యమైన ఫైళ్లు ఏవో గుర్తు తెచ్చుకుని, వాటిని మాత్రం వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. చాలా ఉంటే, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ను కొత్త డిస్క్‌లోకి ఇమేజ్ తీయండి. అది తేలిగ్గా చదవగలిగే భాగాలను ముందు లాగేసి, మొండికేసే చోట్లను చివరికి ఉంచుతుంది. డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌లో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల అంకెలు పెరుగుతున్నాయంటే కొత్త డిస్క్ కొనాల్సిందే. దానికి మారాక డిస్క్ యూయూఐడీలు, దారులు సరిచూసి, ఒకసారి డ్రై రన్ చేసి, అప్పుడు టైమర్‌ను మళ్లీ ఎనేబుల్ చేయండి.